మంచి ట్యూషన్ టీచర్‌ని ఎంచుకోవడం ఎలా? తిరుపతి తల్లిదండ్రుల కోసం

జూన్‌లో బడులు తెరిచిన వారం నుంచే మా ఎం.ఆర్.పల్లి వీధుల్లో కరెంటు స్తంభాల మీద, అపార్ట్‌మెంట్ల లిఫ్టుల పక్కన ట్యూషన్ కాగితాలు కనిపిస్తాయి. 'అన్ని తరగతులు, అన్ని సబ్జెక్టులు, స్టేట్, సీబీఎస్‌ఈ' అని రాసి కింద ఫోన్ నంబరు ఉంటుంది. మొదటి ఎఫ్‌ఏ పరీక్ష (బడిలో మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్ష) మార్కులు చేతికి రాగానే ఆ నంబర్లకు ఫోన్లు మొదలవుతాయి.

నేనూ అలాగే చేశాను. మా అమ్మాయికి 7వ తరగతిలో లెక్కల్లో మార్కులు తగ్గాయని కంగారుపడి, మరుసటి రోజే దగ్గర్లో ఉన్న ఒక ట్యూషన్‌లో చేర్పించాను. ఒక గదిలో ముప్పై మంది పిల్లలు. రెండు నెలల్లో మార్కులు పెరిగాయి, నా మనసు కుదుటపడింది. సంక్రాంతి సెలవుల్లో ఒక రోజు ఆమె నోటుబుక్కులోని లెక్కనే తీసుకుని, అంకెలు మాత్రం మార్చి ఇచ్చాను. చాలాసేపు చూసి, "ఈ లెక్క సార్ చెప్పలేదమ్మా" అంది. పరీక్షకు రాబోయే లెక్కలను పదేపదే రాయించి బట్టీ పట్టించారని అప్పుడు అర్థమైంది. ఏడు నెలలు పోయాయి. భిన్నాలు ఆమెకు 5వ తరగతి నుంచీ రావడం లేదన్న సంగతి ఆ ఏడు నెలల్లో ఎవరూ కనిపెట్టలేదు. నేను కూడా కనిపెట్టలేదు.

తర్వాత ఆమె కోసం, ఆపైన మా చిన్నోడి కోసం చాలామంది టీచర్లను కలిశాను. డిగ్రీలు, అనుభవం, గోడ మీద ర్యాంకుల ఫొటోలు అన్నీ చూశాను. చివరికి నాకు నమ్మకం కుదిరిన గుర్తు ఒకటే: పిల్ల తప్పు చేసినప్పుడు ఆ టీచర్ ఏం చేస్తారు? కింద చెప్పిన మెట్లన్నీ ఆ ప్రశ్నకు జవాబు తెలుసుకోవడానికే.

మొదటి మెట్టు: అసలు ట్యూషన్ కావాలా?

టీచర్‌ను వెతికే ముందు ఒక వారం ఆగండి. ఆ వారంలో పిల్ల బడి నోటుబుక్కులు, జవాబు పత్రాలు ముందు పెట్టుకుని కూర్చోండి. మార్కులు చూడొద్దు, తప్పులు చూడండి. ఒకే రకం తప్పు మళ్ళీ మళ్ళీ వస్తోందా? సగం ప్రశ్నలు రాయకుండానే వదిలేసిందా? లెక్క విధానం సరిగ్గా ఉండి కూడికల దగ్గర పోతోందా? ఈ మూడింటికీ మందు వేరు.

ముందుగా చిన్న కారణాలను తీసేయాలి. నల్లబల్ల మీది అక్షరాలు కనిపించక వెనకబడిన పిల్లలు ఉంటారు. ఒకసారి కళ్ళు పరీక్ష చేయించండి. రాత్రి పదకొండు దాకా ఫోన్ చూసి పొద్దున బడిలో తూగే పిల్లకు ట్యూషన్ పెడితే ఇంకో గంట తూగుతుంది, అంతే. క్లాస్ టీచర్‌ను కూడా కలవండి. పేరెంట్స్ మీటింగ్ హడావుడిలో కాదు, మామూలు రోజున బడి వదిలాక పది నిమిషాలు అడిగి కలవండి. "మా పాప ఎక్కడ ఆగిపోతోంది మేడమ్?" అని అడిగితే చాలామంది చక్కగా చెబుతారు.

ఇంకొక కారణం ఇంగ్లిష్. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు లెక్క వచ్చి ఉంటుంది, లెక్కలోని వాక్యం అర్థం కాదు. దీన్ని పట్టుకోవడం సులువు. మన రాష్ట్ర సిలబస్ పుస్తకాలు ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు ఉండేలా అచ్చయ్యాయి. ఇంగ్లిష్‌లో చెయ్యలేని లెక్కనే తెలుగు పేజీలో చదివి చెయ్యమనండి. చేసేసిందంటే ఆమెకు కావలసింది లెక్కల ట్యూషన్ కాదు, రోజూ అరగంట ఇంగ్లిష్ చదివించే మనిషి. ఆ మనిషి మీరే కావచ్చు, పక్కింటి డిగ్రీ చదివే అక్క కావచ్చు.

రెండో మెట్టు: ఎక్కడ తెగిందో మీరే చూడండి

ఈ పని చాలామంది తల్లిదండ్రులు టీచర్‌కే వదిలేస్తారు. కానీ పిల్ల ఎక్కడ ఆగిందో మీకు కొంచెమైనా తెలిస్తేనే, వచ్చిన టీచర్ దాన్ని కనిపెట్టారో లేదో తెలుస్తుంది. దీనికి మీరు లెక్కల్లో దిట్ట కానక్కర్లేదు. 7 నుంచి 9వ తరగతి వరకు పిల్లలకు నేను ఇచ్చే ఐదు లెక్కలు ఇవి:

3/4 + 2/3 ఎంత?
−7 + 4 ఎంత?
240లో 15 శాతం ఎంత?
2x + 5 = 17 అయితే x ఎంత?
0.6 × 0.5 ఎంత?

జవాబులు వరుసగా 17/12, −3, 36, 6, 0.3. పిల్ల చేస్తున్నప్పుడు పక్కనే కూర్చుని, ప్రతి అడుగూ పైకి చెప్పమనండి. మధ్యలో సరిదిద్దకండి, మొహం కూడా మార్చకండి. జవాబు కన్నా ఆ మాటల్లోనే విషయం బయటపడుతుంది.

మొదటి లెక్కకు 5/7 అని రాస్తే, పైవి పైవి, కిందివి కిందివి కలిపేసిందని అర్థం. భిన్నం అంటే ఒక వస్తువులో భాగమన్న సంగతి మనసుకు ఎక్కలేదు. ఇది 4, 5 తరగతుల లోటు. రెండోదానికి −11 వస్తే సంఖ్యారేఖ మీద నడవడం రాలేదు. నాలుగోదానికి 11 వచ్చిందంటే, 5ను అవతలి పక్కకు గుర్తు మార్చకుండా తీసుకెళ్ళి 22 చేసి సగం చేసింది. 'అవతలికి పంపడం' అనే సూత్రం గుర్తుంది కానీ ఎందుకు పంపుతున్నామో తెలియదు. ఐదోదానికి 3 అని వస్తే దశాంశ స్థానాల దగ్గర గండి ఉంది.

9వ తరగతి పిల్లకు బీజగణితం రావడం లేదని మనం 9వ తరగతి ట్యూషన్ పెట్టిస్తాం. ఆమె ఆగింది మాత్రం 5వ తరగతి భిన్నాల దగ్గర. పై మెట్టు మీద ఎంత తోసినా కింది మెట్టు లేకపోతే ఎక్కలేదు. లెక్కల్లో ఇది మరీ ఎక్కువ. సైన్స్, సోషల్‌లో ఒక పాఠం రాకపోయినా ఇంకో పాఠం చదువుకోవచ్చు.

ఇంగ్లిష్‌కైతే ఒక తరగతి కిందిది, ఆమె ఎప్పుడూ చూడని పేరా ఒకటి చదివించి, అందులో ఏముందో తెలుగులో చెప్పమనండి. గడగడా చదివి ఏమీ చెప్పలేకపోతే ఒక రకం, తడుముకుంటూ చదివినా అర్థం చెప్పగలిగితే ఇంకో రకం. రెండో రకం పిల్లల గురించి బెంగ పెట్టుకోకండి. చదువుతూ పోతే వేగం అదే వస్తుంది.

ఆ కాగితాన్ని తేదీ వేసి దాచండి. మళ్ళీ పనికొస్తుంది.

మూడో మెట్టు: ఇంటికొచ్చే టీచరా, బ్యాచా, ఆన్‌లైనా?

పాత పాఠాల్లో గండ్లు ఉన్న పిల్లకు ఒక్కరికే చెప్పే టీచర్, లేదంటే నలుగురైదుగురు ఉన్న చిన్న బ్యాచ్ మంచిది. పాఠాలు అర్థమవుతున్నా ఇంట్లో కూర్చుని సాధన చెయ్యని పిల్లకు బ్యాచ్ చాలు. తోటి పిల్లలు రాస్తుంటే తనూ రాస్తుంది. ఆన్‌లైన్ క్లాసులు తనంతట తాను ప్రశ్న అడిగే పిల్లలకే పనికొస్తాయి. మొహమాటస్తులు కెమెరా ఆపేసి కూర్చుంటారు.

ఫీజును పోల్చేటప్పుడు ఒక లెక్క వేసుకోండి. ఒకచోట నెలకు రూ.1,500, రోజూ గంట చొప్పున 24 రోజులు, 20 మంది పిల్లలు అనుకుందాం. టీచర్ సమయాన్ని పంచితే మీ పిల్లకు రోజుకు 3 నిమిషాలు, నెలకు గంటా పన్నెండు నిమిషాలు వస్తాయి. ఇంకోచోట నెలకు రూ.4,000, వారానికి మూడు రోజుల చొప్పున 12 గంటలు, మీ పిల్ల ఒక్కతే. మొదటిచోట టీచర్ మీ పిల్ల కోసమే పెట్టే గంట ధర రూ.1,250 పడుతోంది, రెండోచోట సుమారు రూ.333. బ్యాచ్‌లో అందరికీ కలిపి చెప్పిన పాఠం మీ పిల్లకూ చెందుతుంది కాబట్టి ఈ లెక్క పూర్తిగా న్యాయం కాదు. కానీ మీ పిల్ల తప్పు దగ్గర ఆగి చూడడానికి ఆ టీచర్‌కు ఉన్న సమయం మాత్రం ఆ 3 నిమిషాలే.

రూ.4,000 పెట్టలేని ఇళ్ళే ఎక్కువ, ఆ సంగతి నాకు తెలుసు. అలాంటప్పుడు ఒకే చోట ఆగిపోయిన ముగ్గురు పిల్లలను కలిపి ఒక టీచర్‌ను మాట్లాడుకుని, ఖర్చు పంచుకోండి. మేము మా చిన్నోడికి అదే చేశాం, రెండేళ్ళుగా బాగా నడుస్తోంది. ముగ్గురూ ఒకే తరగతి కాకపోయినా ఫర్వాలేదు, ఆగిన చోటు ఒకటైతే చాలు.

నాలుగో మెట్టు: తిరుపతిలో ఎక్కడ వెతకాలి

ఈ విషయంలో మన ఊరు అదృష్టం చేసుకుంది. 1954లో మొదలైన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో వచ్చిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, సంస్కృత విశ్వవిద్యాలయం, ఎస్వీ ఆర్ట్స్ వంటి టీటీడీ కాలేజీలు అన్నీ ఇక్కడే ఉన్నాయి. పీజీ, బీఈడీ చదివేవాళ్ళు, రీసెర్చ్ చేసేవాళ్ళు సాయంత్రాలు ట్యూషన్లు చెబుతుంటారు. ఈ మధ్యే చదువుకున్నవాళ్ళు కాబట్టి పిల్ల ఎక్కడ తికమకపడుతుందో వాళ్ళకు త్వరగా తెలుస్తుంది. ఒకటే ఇబ్బంది, వాళ్ళకూ పరీక్షలుంటాయి, సెలవులకు ఊళ్ళకు వెళ్తారు. ముందే అడిగి తెలుసుకోండి. పిల్ల రెండో భాషగా సంస్కృతం తీసుకుని ఉంటే సంస్కృత విశ్వవిద్యాలయం వైపు అడగండి, అంత దగ్గరలో అలాంటి అవకాశం ఎన్ని ఊళ్ళకు ఉంటుంది?

రిటైరైన టీచర్లు ప్రతి కాలనీలో ఉంటారు. వాళ్ళు కాగితాలు అతికించరు. గుళ్ళో, పార్కులో, పాలకేంద్రం దగ్గర అడిగితే తెలుస్తారు. మా అమ్మాయికి చివరికి కుదిరిన మాస్టారు అలా దొరికినవారే. ముప్పై ఏళ్ళు పల్లెటూరి బడుల్లో చెప్పిన మనిషి.

బడిలో చెప్పే టీచర్ దగ్గరే ట్యూషన్ పెట్టించాలని కొందరు చూస్తారు. 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం బడి ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. చట్టం సంగతి అటుంచినా, మార్కులు వేసే చెయ్యి, ఫీజు తీసుకునే చెయ్యి ఒకటే అయితే ఆ మార్కులను మీరు నమ్మలేరు. పిల్ల ఎక్కడుందో మీకు నిజం తెలిసే దారి మూసుకుపోతుంది.

దూరం తక్కువని కొట్టిపారేయకండి. కొర్లగుంట నుంచి బైరాగిపట్టెడకు, లీలామహల్ సర్కిల్ దాటుకుని సాయంత్రం ఆరింటికి వెళ్ళి రావడమంటే పిల్లకు ఎంత అలసటో ఒకసారి మీరే స్కూటర్ మీద తీసుకెళ్ళి చూడండి. బ్రహ్మోత్సవాలు, గంగ జాతర రోజుల్లో ఇంకా కష్టం. ఇంటికి నడిచే దూరంలో ఉన్న ఓ మోస్తరు మంచి టీచర్, ఊరికి ఆ చివర ఉన్న గొప్ప టీచర్ కన్నా మేలని నా అనుభవం. కొండ మీద షిఫ్ట్ డ్యూటీలు చేసే తల్లిదండ్రులకైతే ఇది మరీ ముఖ్యం. రాత్రి ఎనిమిదికి పిల్లను ఎవరు తీసుకొస్తారో ముందు తేల్చుకుని, తర్వాతే టైమింగ్ ఒప్పుకోండి.

ఐదో మెట్టు: ఫోన్‌లో అడగాల్సినవి

"మీ దగ్గర ఎన్ని మార్కులు వస్తాయి సార్?" అని అడగకండి. ఆ ప్రశ్నకు అందరూ ఒకే జవాబు చెబుతారు. నేను ఇలా అడుగుతాను: "సార్, మా పాప 8వ తరగతి. భిన్నాలు రావని అనుమానంగా ఉంది. మీరైతే ఎక్కడి నుంచి మొదలుపెడతారు?"

"మా దగ్గర సిలబస్ మొత్తం రెండుసార్లు రివిజన్ చేయిస్తామమ్మా" అంటే ఆయన మీ ప్రశ్న వినలేదు. "ఒకసారి తీసుకురాండి, నోటుబుక్కులు కూడా తెండి, చూసి చెబుతా" అంటే వెళ్ళి కలవండి. "అది 5వ తరగతి పాఠం, దానికి టైం తీసుకుంటే ఈ సిలబస్ కొంచెం ఆలస్యమవుతుంది, మీకు ఫర్వాలేదా?" అని ఎదురు అడిగితే, ఆ నంబరు జాగ్రత్తగా దాచుకోండి.

బ్యాచ్‌లో ఎంతమంది, ఏయే తరగతులు కలిపి కూర్చోబెడతారు, పాఠం ఆయనే చెబుతారా, వేరేవాళ్ళా, సెలవులు ఎప్పుడు, ఫీజు నెలనెలా కట్టవచ్చా అన్నవి కూడా అడగండి. ఇప్పుడు చదువుతున్న ఇద్దరు పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడతానని చెప్పండి. వాళ్ళను "బాగా చెబుతారా?" అని అడిగితే అవునంటారు. "ఈ నెల మీవాడు అక్కడ కొత్తగా ఏం నేర్చుకున్నాడు?" అని అడగండి.

ఆరో మెట్టు: డెమో క్లాసులో కూర్చోండి

అన్నిటికన్నా ఈ మెట్టుకే ఎక్కువ సమయం పెట్టండి. డెమో అంటే టీచర్ ఒక పాఠం అందంగా చెప్పి వినిపించడం అని చాలామంది అనుకుంటారు. ఆ రోజు ఎవరైనా బాగానే చెబుతారు. మీ పిల్లకు రాని దాన్నే చెప్పమని అడగండి, మీరు గదిలో ఒక మూల కూర్చోండి. మీరుంటే పిల్ల బిగుసుకుపోతుందనిపిస్తే తలుపు దగ్గర కూర్చోండి.

పిల్ల 1/2 + 1/3 = 2/5 అని రాసిందనుకోండి. ఒక టీచర్ వెంటనే "కాదు, ఎల్‌సీఎం తియ్యి, ఆరు వస్తుంది, మూడు ప్లస్ రెండు ఐదు, ఐదు బై ఆరు, రాసుకో" అంటారు. అర నిమిషంలో సరైన జవాబు నోటుబుక్కులో ఉంటుంది. రేపు పిల్ల మళ్ళీ 2/5 అనే రాస్తుంది.

ఇంకో టీచర్ ఒక క్షణం ఆగి ఇలా అడుగుతారు: "ఒక దోసెలో సగం తిన్నావనుకో. కాసేపటికి ఇంకో మూడో వంతు తిన్నావు. నువ్వు రాసిన 2/5 ఉంది కదా, అది సగం కన్నా ఎక్కువా, తక్కువా?" పిల్ల ఆలోచిస్తుంది. ఐదులో సగం రెండున్నర, రెండు అంతకన్నా తక్కువ. "తక్కువ" అంటుంది. "సగం తిన్నాక ఇంకొంచెం కూడా తింటే, మొత్తం సగం కన్నా తక్కువ ఎట్లవుతుందమ్మా?" అప్పుడు పిల్ల మొహం చూడండి. తన జవాబు తప్పని తనే కనిపెట్టింది. ఇక ఎల్‌సీఎం ఎందుకు కావాలో వినడానికి ఆమె సిద్ధంగా ఉంటుంది.

ఈ తేడాను పట్టుకోవడానికి మనకు లెక్కలు రావాల్సిన పనిలేదు. ప్రశ్న అడిగాక టీచర్ ఎంతసేపు మౌనంగా ఉండగలరో మనసులో లెక్కపెట్టండి. రెండు అంకెలు లెక్కపెట్టేలోపే ఆయనే జవాబు చెప్పేస్తున్నారా, పిల్లకు ఆలోచించే సమయం ఇస్తున్నారా? పెన్ను ఎవరి చేతిలో ఎక్కువసేపు ఉందో చూడండి. గంటలో నలభై నిమిషాలు టీచరే రాస్తుంటే పిల్ల చూస్తూ కూర్చున్నట్టే. తప్పు జవాబు విన్నప్పుడు ఆయన గొంతు మారిందా? "ఎలా వచ్చింది ఇది?" అనే మాటను కొందరు నిజంగా తెలుసుకోవాలని అడుగుతారు, కొందరు తిట్టినట్టు అడుగుతారు. పిల్లలకు ఆ తేడా మనకన్నా ముందే తెలుస్తుంది.

సైన్స్‌కైతే "ఎందుకు?" అన్న ప్రశ్నలు వస్తున్నాయా చూడండి. ఇంగ్లిష్‌కైతే పిల్ల నోటి నుంచి ఎన్ని వాక్యాలు వచ్చాయో చూడండి. టీచర్‌కు ఒకచోట జవాబు తెలియక "రేపు చూసి చెబుతా" అన్నారని తక్కువ చేసి చూడకండి. ఆ మాట అనగలిగిన టీచర్ దగ్గర పిల్ల కూడా తనకు రానిది దాచదు.

ఇంటికి వచ్చాక "సార్ ఎట్ల చెప్పారు?" అని అడగకండి. అన్నం తిన్నాక, "ఈరోజు చెప్పింది నాకు చెప్పు, నేను భిన్నాలు మర్చిపోయాను" అనండి. సగమైనా తన మాటల్లో చెప్పగలిగితే ఆ డెమో పనిచేసింది. వీలైతే ఇద్దరు టీచర్ల దగ్గర డెమో చూశాకే నిర్ణయించుకోండి. ఒకరినే చూస్తే పోల్చడానికి ఏమీ ఉండదు.

ఏడో మెట్టు: పిల్ల భద్రత

దీనిలో మొహమాటం వద్దు. పాఠం తలుపు తెరిచి ఉన్న గదిలోనే జరగాలి. ఇంటికి వచ్చే టీచర్ అయితే హాల్లో కూర్చోబెట్టండి, ఆ సమయానికి ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరు ఉండాలి. తెలియని మనిషి అయితే ఆధార్ కాపీ అడగండి, మంచివాళ్ళు తప్పుగా అనుకోరు. సందేహాల కోసం ఫోన్ చేయాల్సి వస్తే మీ ఫోన్ నుంచే చేయించండి. ముందు చెప్పకుండా అప్పుడప్పుడూ వెళ్ళి చూడండి.

కొట్టడం ఒప్పుకోకండి. "రెండు తగిలిస్తే దారికొస్తాడు సార్" అని తల్లిదండ్రులే చెప్పడం విన్నాను, చాలా బాధేసింది. పిల్లలను శారీరకంగా శిక్షించడాన్ని, మానసికంగా వేధించడాన్ని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడుల్లోనే నిషేధించింది. డబ్బు కట్టి పంపే ట్యూషన్‌లో ఎందుకు ఒప్పుకోవాలి? దెబ్బలు తినే పిల్ల తప్పులు దాచడం నేర్చుకుంటుంది, దాచిన తప్పును ఏ టీచరూ దిద్దలేరు.

పిల్ల ఉన్నట్టుండి "ట్యూషన్‌కు పోను" అంటే బద్ధకం అనేయకండి. పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా వినండి. తప్పుగా తాకడం లాంటిది ఏదైనా ఉందని అనుమానం వస్తే వెంటనే ఆపేసి పోలీసులకు చెప్పండి. 2012 పోక్సో చట్టం ఉన్నది అందుకే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు.

ఎనిమిదో మెట్టు: ఫీజు, మాట

నెలనెలా కట్టండి. ఏడాది ఫీజు ఒకేసారి కడితే తగ్గిస్తామన్నా వద్దు, మొదటి మూడు నెలలైనా వద్దు. డబ్బు కట్టేశామని నచ్చని చోటే పిల్లను కొనసాగించడం నేను చాలా ఇళ్ళలో చూశాను.

పెద్ద కోచింగ్ సెంటర్లలో చేర్పించాలనుకునేవాళ్ళు 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన మార్గదర్శకాలు తెలుసుకోవాలి. 50 మంది కన్నా ఎక్కువ పిల్లలున్న సెంటర్ల గురించి అవి. 16 ఏళ్ళ లోపు పిల్లలను చేర్చుకోకూడదని, చెప్పేవాళ్ళకు కనీసం డిగ్రీ ఉండాలని, మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు 10 రోజుల్లో తిరిగి ఇవ్వాలని అందులో ఉంది. వీటిని అమలు చేయాల్సింది రాష్ట్రాలు. మిద్దె మీద పది మందికి చెప్పే ట్యూషన్‌కు ఇవి వర్తించవు, అక్కడ మీరు ముందు మాట్లాడుకున్న మాటే లెక్క. అందుకే ఫీజు, రోజులు, సెలవులు, ఏ పాఠాలతో మొదలుపెడతారు అన్నవి వాట్సాప్‌లో నాలుగు వాక్యాలు రాసి పంపి, ఆయనతో సరే అనిపించుకోండి.

6వ తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ గురించి కూడా ఒక మాట. 2015లో మన తిరుపతికే ఐఐటీ వచ్చాక, ఏర్పేడు దాటి వెళ్ళే ప్రతి తల్లికీ ఆ ఆశ కలగడం సహజం. కానీ పదకొండేళ్ళ పిల్లకు భిన్నాలు, శాతాలు, చదివింది అర్థం చేసుకోవడం గట్టిగా వస్తే అదే ఫౌండేషన్. 9వ తరగతి పాఠాన్ని 6వ తరగతిలో బట్టీ పట్టించడం పునాది కాదు.

తొమ్మిదో మెట్టు: మొదటి ఆరు వారాలు

వారానికి ఒకసారి ట్యూషన్ నోటుబుక్కు తెరవండి. అన్నీ సరైన జవాబులే, ఒక్క కొట్టివేత కూడా లేదంటే అనుమానించండి. అది బోర్డు చూసి ఎక్కించుకున్న పుస్తకం. మంచి ట్యూషన్ పుస్తకంలో తప్పులుంటాయి, వాటి పక్కన పిల్ల మళ్ళీ చేసిన లెక్క ఉంటుంది. మా మాస్టారు మా అమ్మాయి చేత పుస్తకం చివరి పేజీల్లో 'నా తప్పులు' అని రాయించేవారు. ప్రతి శనివారం ఆ పేజీల్లోంచే రెండు లెక్కలు ఇచ్చేవారు.

ఆరో వారం చివర, మీరు దాచిన ఆ ఐదు లెక్కలను అంకెలు మార్చి మళ్ళీ ఇవ్వండి. మళ్ళీ పైకి చెప్పిస్తూ చేయించండి. ఇప్పుడు ఏ ఒక్క చోటైనా "ఎందుకంటే" అనే మాట ఆమె నోటి నుంచి వచ్చిందా? వస్తే దారి సరైనదే. బడి మార్కులు అంత త్వరగా పెరగవు. 5వ తరగతి లోటు పూడుస్తున్న పిల్లకు 8వ తరగతి పరీక్షలో ఫలితం కనిపించడానికి ఒకటి రెండు ఎఫ్‌ఏలు దాటిపోతాయి. ఆ సమయంలో టీచర్‌ను మార్కుల కోసం తొందరపెడితే, ఆయన కూడా బట్టీ దారి పట్టక తప్పదు.

బడి, ట్యూషన్, హోంవర్క్ కలిపి పిల్లకు ఆడుకోవడానికి గంట, నిద్రకు ఎనిమిది గంటలు మిగులుతున్నాయో లేదో కూడా చూడండి. మిగలకపోతే ట్యూషన్ రోజులు తగ్గించండి.

10వ తరగతి పిల్లలున్నవాళ్ళకు

రాష్ట్ర సిలబస్‌లో మొత్తం 600 మార్కుల పరీక్ష. సైన్స్ రెండు పేపర్లు, భౌతిక రసాయన శాస్త్రం 50, జీవశాస్త్రం 50. పాస్‌కు ఒక్కో సబ్జెక్టులో నూటికి 35, హిందీలో 20. మార్చిలో పరీక్షలు కాబట్టి పాత గండ్లు పూడ్చే పని జూన్ నుంచి సెప్టెంబరు లోపలే అయిపోవాలి. జనవరి దాటాక టీచర్‌ను మార్చకండి, మరీ తప్పనిసరి అయితే తప్ప. ఆఖరి రెండు నెలలు గడియారం పెట్టుకుని పాత ప్రశ్నపత్రాలు రాయడం, ఎక్కడ మార్కులు పోయాయో టీచర్‌తో కూర్చుని చూడటం, ఇవి చాలు. అన్ని సబ్జెక్టులకూ ట్యూషన్ పెట్టి టెన్షన్ పెంచకండి. బలహీనంగా ఉన్న ఒకటి, మహా అయితే రెండు.

ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు ఆపాలి

రెండు నెలలయినా టీచర్ మీ పిల్ల గురించి ప్రత్యేకంగా ఒక్క సంగతి చెప్పలేకపోతే మార్చండి. "బాగా చదువుతోందమ్మా, ఇంకొంచెం శ్రద్ధ పెట్టాలి" అన్న మాట ఏ పిల్లకైనా సరిపోతుంది. "తీసివేతలో గుర్తుల దగ్గర ఇంకా తడబడుతోంది" అన్న మాట మీ పిల్లకే సరిపోతుంది. మార్చేటప్పుడు ఫోన్‌లో మెసేజ్ పెట్టి మానేయకండి. వెళ్ళి కలిసి, ఆ నెల ఫీజు పూర్తిగా ఇచ్చి చెప్పండి. పిల్లకు మాత్రం "తప్పు నీది కాదు, నీకు ఇంకో విధంగా చెప్పేవాళ్ళు కావాలి" అని స్పష్టంగా చెప్పండి. లేకపోతే తనకే చదువు రాదని మనసులో పెట్టుకుంటుంది.

పని అయిపోయాక ఆపడం కూడా అంతే ముఖ్యం. అలవాటు కొద్దీ కొనసాగిస్తే, ట్యూషన్ లేనిదే పుస్తకం తెరవని పిల్ల తయారవుతుంది. ముందు వారానికి మూడు రోజులను రెండు చేయండి, తర్వాత ఒకటి. ఆ ఒక్క రోజు కూడా కొత్త పాఠం వద్దు, పిల్ల తనంతట తాను చేసి ఆగిపోయిన లెక్కలు మాత్రమే పట్టుకెళ్ళాలి. మా అమ్మాయి 9వ తరగతి దసరా సెలవుల తర్వాత అలా వెళ్ళడం మొదలుపెట్టింది. డిసెంబరులో ఒక రోజు మాస్టారు నన్ను పిలిపించారు. "మూడు వారాలుగా ఉత్త చేతులతో వస్తోందమ్మా. అడగడానికి ఏమీ లేదంట. వచ్చే నెల నుంచి పంపొద్దు" అన్నారు.